కర్నూలు, అనంతపురం, కడపల్లో ఎలక్ట్రిక్ స్కూటర్ సబ్సిడీ: బిల్లు చదివితే తేలే సంగతులు

స్కూటర్ల మైలేజీ మీద, పికప్ మీద రివ్యూలకు కొదవ లేదు. ఇక్కడ తూకం వేస్తున్నది స్కూటరు బిల్లులో కేంద్ర ప్రభుత్వ ‘పీఎం ఈ-డ్రైవ్’ పథకం పేరుతో ఒక్క వరుసలో తగ్గించి చూపే సబ్సిడీని. షోరూములో అదీ ఒక సేవే. ఆధార్ అడుగుతుంది, ముఖం చూపించమంటుంది, ఫోనుకు వోచరు పంపుతుంది, ఇంత తతంగం తర్వాత 2025-26లో గరిష్ఠంగా రూ.5,000 తగ్గిస్తుంది. సొంత ఇల్లు, సొంత మీటరు, నెల జీతం, ఆధార్‌కు లింకైన ఫోను నంబరు ఉన్న కర్నూలు ఉద్యోగి ఈ సేవకు ఐదుకు నాలుగు మార్కులు వేయొచ్చు. ఆదోనిలో అద్దె పోర్షన్‌లో ఉంటూ రోజంతా సరుకు తిప్పే మనిషి రెండు వేస్తే ఎక్కువ. ఇద్దరికీ వచ్చేది అదే ఐదు వేలు. తేడా ఎక్కడ పుడుతోందో బిల్లు కాగితం ముందు పెట్టుకుంటేనే తెలుస్తుంది.

ముందు ఆ ఐదు వేల పుట్టుపూర్వోత్తరాలు. 3 యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ ఉన్న స్కూటరు తీసుకుందాం. షోరూముల్లో దీన్నే ‘3 కిలోవాట్ బండి’ అంటారు. దీనికి ముందున్న కేంద్ర సబ్సిడీ పథకం ఫేమ్-2, 2019 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు బ్యాటరీ యూనిట్‌కు రూ.10,000 చొప్పున ఇచ్చేవారు. 2021 జూన్‌లో దాన్ని రూ.15,000 చేసి, ఫ్యాక్టరీ ధరలో 40 శాతం దాకా ఇవ్వొచ్చన్నారు. అప్పుడు ఈ బండి కొన్నవాళ్లకు రూ.45,000 దాకా తగ్గింది. 2023 జూన్ 1 నుంచి మళ్లీ యూనిట్‌కు రూ.10,000, పరిమితి 15 శాతం. అంటే ఫ్యాక్టరీ ధర 1.2 లక్షలున్న బండికి రూ.18,000 దగ్గరే ఆగిపోయింది. 2024 ఏప్రిల్ నుంచి యూనిట్‌కు రూ.5,000, బండికి రూ.10,000 మించకుండా. ఆ అక్టోబరులో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ అదే రేటుతో మొదలై, 2025 ఏప్రిల్‌కు సగానికి దిగింది. యూనిట్‌కు రూ.2,500, బండికి రూ.5,000. పథకం గడువును 2025 ఆగస్టులో 2028 మార్చి దాకా పొడిగించారు గానీ, రెండు, మూడు చక్రాల బండ్లకు మాత్రం 2026 మార్చి 31నే ఉంచారు. ఇక్కడి లెక్కలన్నీ 2025-26వి.

రేటు ఇలా దిగడంలో ప్రభుత్వం వైపు తర్కం ఉంది. బ్యాటరీల ధర పడిపోతోంది, అమ్మకాలు నిలదొక్కుకుంటున్నాయి, ఇక చేయూత తగ్గించవచ్చు. ఒప్పుకోవాల్సిందే. కానీ ముందు కొన్నదెవరు? కొత్త బండి మీద లక్షన్నర పెట్టి, అది పనికిరాకపోయినా తట్టుకోగలిగినవాళ్లు. ‘మన ఎండకు ఆ బ్యాటరీ ఆగుతుందో లేదో చూద్దాం’ అని రెండేళ్లు వేచిచూసినవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు, నష్టం భరించే స్తోమత లేనివాళ్లు. ధైర్యం చేయగలిగినవాళ్లకు నలభై ఐదు వేలు, ఆచితూచి వచ్చినవాళ్లకు ఐదు వేలు. ‘ఉన్నోళ్లకు ఇచ్చినంక మావంతు వచ్చేతలికి అయిపోయె’ అని షోరూముల ముందు వినబడే మాటకు మూలం ఇక్కడుంది.

2025-26 నిబంధనలో మెచ్చుకోదగ్గ అంశం కూడా ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. పరిమితి రూ.5,000 కాబట్టి 2 యూనిట్ల బ్యాటరీ దగ్గరే సబ్సిడీ నిండిపోతుంది. 4 యూనిట్ల ఖరీదైన బండికీ అంతే. ఎనభై వేల బండికి ఆరు శాతం పైగా, లక్షా నలభై వేల బండికి మూడున్నర శాతం. ఫేమ్-2 కాలంలో పెద్ద బ్యాటరీ కొన్నవాళ్లకే పెద్ద మొత్తం పోయేది. ఆ వంకర ఇప్పుడు కొంత సరైంది. ఫ్యాక్టరీ ధర 1.5 లక్షలు దాటిన స్కూటరుకు అసలేమీ రాదు. ఆ గీతను దొంగదారిన దాటిన సందర్భాలూ ఉన్నాయి. ఛార్జరుకు వేరుగా డబ్బు కట్టించుకుని బండి ధరను గీత కిందికి తెచ్చారని తేలి, 2023లో కొన్ని పెద్ద కంపెనీలు కొన్నవాళ్లకు ఆ సొమ్ము తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. అందుకే కొటేషన్ తీసుకోగానే మొదట చూడాల్సింది ఛార్జరు ధర బండి ధరలో కలిసి ఉందా, వేరే బిల్లుగా వస్తోందా అని.

కౌంటర్ దగ్గర జరిగేది ఇది. డీలరు మీ ఆధార్‌తో పోర్టల్‌లో ఎంట్రీ వేసి, ముఖం గుర్తింపు తీసుకుంటాడు. ఆధార్‌కు లింకైన ఫోనుకు ఈ-వోచరు లింకు వస్తుంది. దాన్ని దింపుకుని సంతకం చేసి డీలరుకిస్తే, అతనూ సంతకం చేసి పోర్టల్‌లో ఎక్కిస్తాడు. ఇద్దరి సంతకాలున్న ప్రతి మళ్లీ మీ ఫోనుకు వస్తుంది. కంపెనీ ఆ వోచరు చూపించే కేంద్రం దగ్గర డబ్బు రాబట్టుకుంటుంది. కాబట్టి సబ్సిడీ కోసం మీరు ఎదురుచూడాల్సిన పని లేదు, అది మొదటే బిల్లులో తగ్గాలి. ‘ముందు పూర్తి ధర కట్టండి, సబ్సిడీ తర్వాత మీ ఖాతాలో పడుతుంది’ అంటే అక్కడే ఆగి, పథకంలో ఆ పద్ధతి ఎక్కడుందో చూపమనండి. ‘క్లెయిమ్ తిరస్కరిస్తే తేడా నేను కడతాను’ అని రాసిన కాగితం పెట్టినా సంతకం చేయకండి. వోచరు మీద సంతకం పెట్టడంతో కొన్న మనిషి పని అయిపోయింది, క్లెయిమ్ సంగతి కంపెనీ చూసుకోవాలి.

ఈ పని ఎక్కడ ఆగిపోతుందంటే, ఎక్కువగా ఫోను నంబరు దగ్గర. పల్లెల్లో ఆధార్‌కు ఎప్పుడో ఇచ్చిన నంబరు రీఛార్జి లేక చచ్చిపోయి ఉంటుంది, లేదా కొడుకు నంబరో, మీసేవలో అప్పటికి అక్కడున్నవాళ్ల నంబరో ఉంటుంది. లింకు దానికే పోతుంది. షోరూముకు పోయే ముందే ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించుకోవాలి, అది ఎక్కేదాకా బుకింగ్‌కు తొందరపడొద్దు. ముఖం గుర్తింపు కుదరకపోవడానికి సాధారణంగా వెలుతురే కారణం. వెనక నుంచి ఎండ పడే అద్దాల షోరూములో కాకుండా వెలుతురు ముఖం మీద పడే చోట నిలబడితే పని జరుగుతుంది. ఏళ్ల కిందటి ఫొటో ఉన్న పెద్దవాళ్లకు అదీ కుదరకపోతే ఆధార్‌లో ఫొటో కొత్తది చేయించాలి.

మరో చిక్కు పేరుది. ఒక ఆధార్‌కు ఒకే బండి. వోచరు, బిల్లు, ఆర్సీ అన్నీ ఒకే పేరున ఉండాలి. కొడుకు సిబిల్ బాగాలేదని తండ్రి పేరున ఫైనాన్స్ తీసుకుంటే, సబ్సిడీ కూడా తండ్రి ఆధార్ మీదే ఖర్చవుతుంది. రేపు ఆయన తనకంటూ ఒకటి కొందామన్నా రాదు. మన ఇళ్లలో ఒక బండిని నలుగురు తోలతారు, పేరు మాత్రం కాగితాలు సరిగా ఉన్నవాళ్లది. నియమం దొంగ క్లెయిములను ఆపడానికి పెట్టిందే, మంచిదే. దాని బరువు మాత్రం కాగితాలు సరిగా లేని ఇంటి మీదే ఎక్కువ పడుతుంది.

బిల్లు సంగతి. ఎక్స్‌షోరూము ధర, అందులో 5 శాతం జీఎస్టీ, తగ్గించిన సబ్సిడీ, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ రుసుము, లైఫ్ ట్యాక్స్: ఇవి వేరువేరు వరుసల్లో ఉండాలి. ‘ఆన్‌రోడ్ ఇంత’ అని ఒకే అంకె రాసిచ్చిన చీటీ దేనికీ పనికిరాదు. ఐదు వేలు ఎక్కడ తగ్గి ఎక్కడ తిరిగి ఎక్కుతుందో పట్టుకోవాలంటే ‘హ్యాండ్లింగ్’, ‘ఫెసిలిటేషన్’, తప్పనిసరి యాక్సెసరీల సెట్టు, అడగని పొడిగింపు వారంటీ, సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ అనే పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ ‘ఇది వద్దంటే బండి ఇవ్వరా?’ అని అడగాలి. ఇన్సూరెన్స్ బయట కొనుక్కునే హక్కు మీకుంది. రాష్ట్రం 2018 నాటి ఎలక్ట్రిక్ వాహన విధానంలోనూ, 2024-29 విధానంలోనూ లైఫ్ ట్యాక్స్ మినహాయింపు పెట్టింది. ఆ పేరుతో డబ్బు వేస్తే రవాణా శాఖ రసీదు చూపమనండి. శాఖకు కట్టిన రసీదు లేని పన్ను పన్ను కాదు.

ఇప్పుడు అసలు దెబ్బ తగిలే చోటికి వద్దాం. అది ఫైనాన్స్ బల్ల. లక్ష రూపాయల అప్పు, 36 నెలలు. బ్యాంకులో జీతం పడే ఉద్యోగికి 11 శాతానికి దొరికిందనుకోండి, నెల కంతు దాదాపు రూ.3,274. జీతం స్లిప్పు లేని చిల్లర వ్యాపారికి 18 శాతానికి ఇస్తే రూ.3,615. నెలకు 341 రూపాయలే గదా అనిపిస్తుంది, 36 నెలలకు అది రూ.12,000 దాటుతుంది. సబ్సిడీకి రెండింతలకు పైనే. ‘ఫ్లాట్ 11 శాతం’ అంటే ఇంకా మోసపోవద్దు. అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే వేస్తారు. కంతు రూ.3,694 అవుతుంది, తగ్గే బాకీ లెక్కలో చూస్తే అది దాదాపు 20 శాతం వడ్డీ. వడ్డీ శాతం అడగడం మాని, ‘36 నెలలకు మొత్తం ఎంత కడతాను, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ముందే తీర్చేస్తే జరిమానా ఎంత’ అని మూడు అంకెలు రాయించుకోండి. ప్రభుత్వం ఇద్దరికీ సమానంగా ఇచ్చిన ఐదు వేలు ఈ బల్ల దగ్గర సమానంగా మిగలవు. సబ్సిడీ మొత్తం పెంచడం కంటే ఇలాంటి కొనుగోలుదారుల అప్పుకు వడ్డీ రాయితీ ఇవ్వడమే మేలు అనే వాదనలో చాలా పస ఉంది.

జనం గొడవపడేది ఈ ఐదు వేల మీద. కంటికి కనబడనిది ఇంతకంటే చాలా పెద్దది. ఎలక్ట్రిక్ బండ్ల మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. పెట్రోలు స్కూటర్ల మీద 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22న 350 సీసీ లోపు వాటికి 18 శాతానికి తగ్గించారు. పన్ను కలపకముందు 65 వేల ధర ఉన్న పెట్రోలు స్కూటరుకు అలా రూ.6,500 తగ్గింది. ఎలక్ట్రిక్ బండి చేతికొచ్చే సబ్సిడీ కంటే ఎక్కువ! పెట్రోలు బండ్లు అమ్మేవాళ్లు ‘సబ్సిడీ లేకుండానే మాది తగ్గింది’ అంటే అబద్ధం కాదు. అయితే లక్ష ధర ఉన్న బండి మీద 5కూ 18కీ మధ్య తేడా ఇంకా రూ.13,000 ఉంది. సిసలైన సబ్సిడీ అదే, వోచరు అడగదు, ముఖం చూపించమనదు.

కానీ పన్ను మినహాయింపు ధరలో శాతం. ధర పెరిగే కొద్దీ అదీ పెరుగుతుంది. పన్నుకు ముందు 20 లక్షలుండే పెద్ద కారు పెట్రోలుదైతే ఇప్పుడు 40 శాతం జీఎస్టీ, ఎలక్ట్రిక్‌ది అయితే 5 శాతం. తేడా ఏడు లక్షలు. లైఫ్ ట్యాక్స్ మినహాయింపు దాని మీద అదనం. పీఎం ఈ-డ్రైవ్ సొంత కార్లకు పైసా ఇవ్వదు, ఫేమ్-2 కూడా టాక్సీ తరహా కార్లకే ఇచ్చింది. ‘కార్లోళ్లకు సబ్సిడీ లేదు’ అని గట్టిగా చెప్పేవాళ్లు ఇది చూసే చెబుతారు, పన్ను వరుస మాత్రం చూడరు. ఆదాయపు పన్ను చట్టంలో 80ఈఈబీ అనే సెక్షను ఒకటి ఉండేది. 2019 ఏప్రిల్ నుంచి 2023 మార్చి మధ్య మంజూరైన ఎలక్ట్రిక్ వాహన రుణానికి ఏడాదికి 1.5 లక్షల వడ్డీ దాకా మినహాయింపు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. లక్షన్నర వడ్డీ కట్టాలంటే అప్పు ఎంతుండాలో లెక్కేసుకుంటే అది ఎవరి కోసం పెట్టిందో అర్థమవుతుంది.

సబ్సిడీ గుమ్మం బయటే నిలబడిపోయేవాళ్లు ఇంకొందరున్నారు. గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు మోటారు ఉన్న బండ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, సబ్సిడీ కూడా లేదు. మూడు ఊళ్లలోనూ తక్కువ ధరకు దొరుకుతాయని ముసలివాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు కొనేది వీటినే. పథకం కనీస వేగం, కనీస రేంజి, మూడేళ్ల వారంటీ అడుగుతుంది. అందులో న్యాయం ఉంది, లెడ్ యాసిడ్ బ్యాటరీతో ఏడాదికే చతికిలబడే బండికి ప్రజల డబ్బు పోయకూడదు. ఫలితం మాత్రం ఏమిటంటే అందరికంటే చవక బండి కొనే మనిషికి సున్నా. ఈ రకం కొనేవాళ్లు లిథియం బ్యాటరీనే అడగండి, దాని మీద ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా ధ్రువీకరణ ఉందా చూడండి. ‘25 స్పీడే గానీ, ఒక వైరు తీస్తే 45 పోతుంది’ అని ఆశ పెడితే వద్దనండి. ప్రమాదం జరిగిన రోజు ఆ బండికి రిజిస్ట్రేషనూ ఉండదు, ఇన్సూరెన్సూ ఉండదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకూ ఏమీ లేదు. ముప్పై వేలకు పాత పెట్రోలు బండి దొరికే ప్రొద్దుటూరులోనో గుంతకల్లులోనో కొత్త ఎలక్ట్రిక్ బండికి నిజమైన పోటీ ఆ పాత బండే. పాత ఎలక్ట్రిక్ కొనేటట్లయితే సర్వీసు సెంటర్లో బ్యాటరీ ఆరోగ్యం రిపోర్టు తీయించండి, వారంటీ రెండో యజమానికి మారుతుందో లేదో కంపెనీ నుంచి మెయిల్లో రాయించుకోండి. వారంటీ లేకుండా బ్యాటరీ పోతే కొత్తది వేయించే ఖర్చు ఆ బండి ధరకు దగ్గరగా పోవచ్చు.

ఆటోల సంగతి మరీ వింత. పెద్ద ప్యాసింజర్ ఎలక్ట్రిక్ ఆటోకు పీఎం ఈ-డ్రైవ్ మొదట రూ.50,000 దాకా అంది. తొలి ఏడాది లక్ష్యం 2024 నవంబరుకే నిండిపోయి రూ.25,000కు దిగింది. రోజుకు 80, 100 కిలోమీటర్లు తిరిగే ఆటో ఎంత డీజిలు మిగులుస్తుంది, ఆఫీసుకు పోయి వచ్చే 10 కిలోమీటర్ల స్కూటరు ఎంత మిగులుస్తుంది? పథకం బ్యాటరీ సైజు కొలుస్తుంది, తిరిగే దూరం కొలవదు. పొగ తగ్గించడమే లక్ష్యమైతే రెండోదే కొలవాలి.

ఈ మూడు జిల్లాల రైతులకు న్యాయమైన సబ్సిడీ ఎలా ఉంటుందో ఒకరు చెప్పాల్సిన పని లేదు. అనంతపురంలో డ్రిప్ పరికరాలకు సబ్సిడీ భూమి ఎంతుందో చూసి ఇస్తారు, చిన్న సన్నకారు రైతుకు ఎక్కువ శాతం, పెద్ద రైతుకు తక్కువ. స్టోరు బియ్యానికి కార్డు చూస్తారు. ఆ అలవాటుతో షోరూముకు వచ్చిన మనిషికి డాక్టరుకూ తనకూ ఒకే వోచరు రావడం వింతగానే తోస్తుంది. ‘కార్డు చూసి ఇయ్యాల్సింది గదా’ అనేది అసూయ కాదు, పాతికేళ్లుగా చూస్తున్న పద్ధతి. అవతలి వాదనకూ బలముంది: ఆదాయం తేల్చే కాగితాల చుట్టూ తిప్పితే పథకం మండలాఫీసులో చిక్కుకుపోతుంది, అందరికీ ఒకేలా ఇస్తేనే త్వరగా చేరుతుంది. రెండిట్లో మొదటిదానికే నా ఓటు. ఆదాయం కొలవలేకపోతే వాడకాన్ని అయినా కొలవొచ్చు, రవాణా పర్మిట్ చూసి ఇవ్వొచ్చు.

ఈ తగువు మనదొక్కటే కాదు. అమెరికాలో ఎలక్ట్రిక్ కార్ల పన్ను రాయితీలో సుమారు 90 శాతం ఆదాయంలో పైనున్న ఐదో వంతు జనానికే చేరిందని సెవరిన్ బోరెన్‌స్టైన్, లూకాస్ డేవిస్ అనే ఆర్థికవేత్తలు 2016లో లెక్కతేల్చారు. అక్కడి 2022 చట్టంలో ఈ రాయితీకి ఆదాయ పరిమితి పెట్టారు. ఫ్రాన్స్ 2024లో తక్కువ ఆదాయం ఉండి, పనికి 15 కిలోమీటర్ల పైన పోయేవాళ్లకో, పని మీద ఏడాదికి 8,000 కిలోమీటర్ల పైన తిరిగేవాళ్లకో నెల అద్దెకు ఎలక్ట్రిక్ కారు ఇచ్చే పథకం తెచ్చింది. ఆరు వారాల్లోనే దాదాపు 50,000 ఆర్డర్లు రావడంతో ఆ ఏడాదికి మూసేయాల్సి వచ్చింది. ఆదాయమూ, దూరమూ రెండూ కొలవడం అసాధ్యమేమీ కాదన్నమాట.

మన దగ్గర ఇంకో నొప్పి కూడా ఉంది. కరెంటు పుట్టేది ఇక్కడ. కడప జిల్లా కలమళ్ల దగ్గర ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం) 1,650 మెగావాట్లది, దాని బూడిద, పొగ చుట్టుపక్కల ఊళ్లవి. గని, శకునాల పొలాల్లో 1,000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు ఉంది. పీఎం ఈ-డ్రైవ్ మొత్తం రూ.10,900 కోట్లలో రూ.4,391 కోట్లు ఎలక్ట్రిక్ బస్సులకు. అవి 40 లక్షలకు పైబడిన జనాభా ఉన్న తొమ్మిది నగరాలకే. చిన్న నగరాలకు పీఎం ఈ-బస్ సేవ అని 2023లో వచ్చిన వేరే పథకం ఉంది, నిజమే. అయినా పీఎం ఈ-డ్రైవ్ డబ్బులో నలభై శాతం రాయలసీమ దాకా రాదనేది కాగితం మీదున్న మాటే.

ఇంట్లో ఛార్జింగ్ లెక్క చూస్తే మాత్రం మనసు కుదుటపడుతుంది. నెలకు 26 రోజులు, రోజుకు 30 కిలోమీటర్లు అంటే 780 కిలోమీటర్లు. ఛార్జరు నష్టాలు కలిపి 28 కిలోమీటర్లకు ఒక యూనిట్ వేసుకున్నా 28 యూనిట్లు. మన కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ ఇంటి మీటరు నెలకు 100 యూనిట్ల దగ్గరుంటే, 125 దాకా రూ.4.50 చొప్పున, ఆ పైన రూ.6 చొప్పున, అదనంగా పడేది దాదాపు 130 రూపాయలు. సర్దుబాటు ఛార్జీలు వేరు. ఏసీలు ఉండి ఇప్పటికే 300 యూనిట్లు కాలుస్తున్న ఇంట్లో రూ.8.75 చొప్పున 245. లీటరుకు 45 ఇచ్చే పెట్రోలు బండైతే ఇదే దూరానికి 17 లీటర్ల పైన, లీటరు 110 వేసుకుంటే రూ.1,900. అంటే ప్లగ్గు ఉన్న మనిషి సబ్సిడీ మొత్తాన్ని మూడు నెలల్లో పెట్రోలు మీదే సంపాదించుకుంటాడు. ప్లగ్గు లేని మనిషికి ఐదు వేలిచ్చినా లాభం లేదు.

కాబట్టి అద్దెకుంటున్నవాళ్లు బండికి ముందు ఇంటాయనతో మాట్లాడండి. బ్యాటరీ ఊడదీసి పైకి తీసుకుపోయే మోడల్ చూడండి, బరువు ఎత్తి చూసి మరీ. సబ్‌మీటరు పెట్టించి యూనిట్‌కు ఎంతో ముందే తేల్చుకోండి, పది రూపాయలు అన్నా మీకు లాభమే. సాకెట్ 16 ఆంపియర్లది, ప్రత్యేక ఎంసీబీతో (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్చు), 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో వేయించాలి. పాత 6 ఆంపియర్ల బోర్డులో నాలుగైదు గంటలు ఏకధాటిగా నడిస్తే పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. ఛార్జరు మీద ఎర్ర లైటు మెరిసి ఆగిపోతే బండిని అనుమానించే ముందు ఎర్తింగ్ చూపించండి. మన రాతి నేలల్లో, మార్చి దాటాక ఎర్త్ గుంత ఎండిపోయి పనిచేయదు. వారానికోసారి బిందెడు నీళ్లు పోస్తే చాలావరకు సర్దుకుంటుంది. సాకెట్, వైరు, కూలి కలిపి రెండు మూడు వేలు. సబ్సిడీలో సగం ఇక్కడే సరి.

ఏప్రిల్, మే నెలల్లో 42, 44 డిగ్రీల ఎండలో తిరిగొచ్చి వెంటనే ఛార్జింగ్ పెట్టొద్దు, ముప్పావు గంట నీడలో చల్లారనివ్వండి. వేడిలో బ్యాటరీ తానే ఛార్జింగ్ నెమ్మదింపజేయడమో ఆపేయడమో చేస్తుంది, అది రిపేరు కాదు. రేంజి కూడా పేపరు మీద 120 అంటే ఇద్దరితో, రోడ్డు మీద 80, 90 అని వేసుకోండి. రాయదుర్గం నుంచి అనంతపురం పోయి రావాలనుకునేవాళ్లకు ఏ సబ్సిడీ ఈ లెక్కను మార్చలేదు. బండి కొనే ముందు సర్వీసు సెంటర్ మీ ఊళ్లో ఉందా, జిల్లా కేంద్రంలోనా, బండి ఆగిపోతే లారీ మీద తెచ్చే ఖర్చు ఎవరిది అని అడగండి. బద్వేలు, ఆదోనివాళ్లకు ఈ ఒక్క ప్రశ్న ఐదు వేల కంటే విలువైంది.

బిల్లులో సబ్సిడీ తగ్గకపోయినా, తగ్గించి మరో పేరుతో వసూలు చేసినా, మొదట డీలరుకు రాతపూర్వకంగా, తర్వాత కంపెనీకి మెయిల్లో, అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు. సంతకాలున్న వోచరు ప్రతి, వరుసలవారీ బిల్లు, డబ్బు కట్టిన ఆధారం మూడూ చేతిలో ఉంటేనే ఫిర్యాదుకు విలువ. వోచరు పుట్టాక బుకింగ్ రద్దు చేసుకుంటే పోర్టల్‌లో కూడా రద్దు చేయించి, ఆ మెసేజో స్క్రీన్‌షాటో తీసుకునే షోరూము బయటికి రండి. లేకుంటే మీరు కొనని బండి మీద మీ ఆధార్ వంతు వాడేసినట్టే అక్కడ మిగిలిపోయే ప్రమాదముంది.